సమాజశాస్త్రంలో తొలి పరిశోధన: ప్రశ్న నుంచి పద్ధతి దాకా

సమాజశాస్త్రం కొత్తగా చదువుతున్న విద్యార్థికి ప్రాజెక్టు అప్పగించగానే, అంశమేమిటో ఇంకా తేలకముందే "ఒక ప్రశ్నావళి తయారుచేసి వంద మందికి పంచుతాను" అనే నిర్ణయం జరిగిపోతుంది. ముందు పనిముట్టు చేతబట్టుకుని, ఆ తర్వాత దానికి తగిన పనికోసం వెతుక్కోవడం లాంటిదిది. మనుషులు తాము చేస్తామని చెప్పేది ఒకటి, నిజంగా చేసేది మరొకటి, కార్యాలయాల పుస్తకాల్లో వారి గురించి నమోదయ్యేది ఇంకొకటి. ప్రశ్నావళి, ఇంటర్వ్యూ, పరిశీలన, ప్రయోగం, రికార్డుల అధ్యయనం అనే పద్ధతుల్లో ఒక్కొక్కటీ ఈ మూడింటిలో ఏదో ఒకదాన్నే స్పష్టంగా పట్టుకోగలదు కాబట్టి, మీకు కావలసింది వాటిలో ఏదో తేల్చుకున్నాకే పద్ధతి సంగతి ఆలోచించాలి.

ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే రిచర్డ్ లాపియర్ చేసిన పని చూడాలి. 1930ల ఆరంభంలో ఈ అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఒక చైనీయ యువ దంపతులతో కలిసి ఆ దేశంలో కారులో చాలా దూరం తిరిగారు. చైనీయుల పట్ల వ్యతిరేకత బాహాటంగా ఉన్న రోజులవి. అయినా వారు ఆగిన 251 బసలు, భోజనశాలల్లో వారిని కాదన్నది ఒకే ఒక్కచోట. కొన్ని నెలల తర్వాత అవే సంస్థలకు "చైనీయులను అతిథులుగా అంగీకరిస్తారా?" అని ఉత్తరం రాస్తే, జవాబిచ్చినవారిలో 90 శాతానికి పైగా అంగీకరించమన్నారు. 1934లో వెలువడ్డ ఈ అధ్యయనంలోనూ లోపాలున్నాయి: ఉత్తరానికి జవాబు రాసిన వ్యక్తీ, ఆ రోజు తలుపు తీసిన వ్యక్తీ ఒకరే కాకపోవచ్చు, పక్కన తెల్లజాతి ఆచార్యుడు ఉండటం వల్ల కూడా మర్యాద దక్కి ఉండవచ్చు. అయితే ఉత్తరాలు మాత్రమే పంపి ఉంటే లాపియర్ ఎలాంటి నిర్ధారణకు వచ్చి ఉండేవారో ఊహించుకుంటే, పద్ధతి ఎంపిక ఫలితాన్ని ఎంతగా శాసిస్తుందో అర్థమవుతుంది.

ప్రశ్నను కుదించడం

"రాత్రి షిఫ్టు ఉద్యోగుల జీవితం" అన్నది అంశం మాత్రమే, పరిశోధన ప్రశ్న కాదు. "రాత్రి షిఫ్టుకు మారినవారికి ఏడాది తిరిగేలోగా స్నేహసంబంధాలు తగ్గుతాయా?" అన్నది ప్రశ్న. "రాత్రి షిఫ్టులో ఉన్నవారు పాత స్నేహాలను ఎలా నిలుపుకుంటున్నారు?" అన్నది కూడా ప్రశ్నే, కానీ వేరే జాతికి చెందినది. మొదటిదానికి లెక్క కావాలి, పోలిక కావాలి. అది పరిమాణాత్మక పద్ధతిని కోరుతుంది. రెండోదానికి మనుషులు తమ రోజును ఎలా సర్దుకుంటున్నారో వారి మాటల్లోనే వినాలి. అది గుణాత్మక పద్ధతిని కోరుతుంది. ఈ ఒక్క ఉదాహరణనే ఇకముందు కూడా వాడతాను.

ప్రశ్న రాసుకున్నాక, ఆ అంశంపై ఇదివరకు ఎవరేమి రాశారో చదవాలి. వారు చెప్పిన నిర్ధారణల కంటే, దేన్ని ఎలా కొలిచారన్నదే కొత్త విద్యార్థికి ఎక్కువ ఉపయోగపడుతుంది. తర్వాత పరిమాణాత్మక అధ్యయనమైతే పరికల్పన, అంటే పరీక్షించి చూడదగ్గ ముందస్తు ఊహ, రాయాలి: "రాత్రి షిఫ్టులో ఉన్నవారు పగటి షిఫ్టువారి కంటే తక్కువమంది స్నేహితులను ముఖాముఖి కలుస్తారు." ఇందులో ప్రభావం చూపుతుందనుకునే పనివేళ స్వతంత్ర చరం, దాన్నిబట్టి మారుతుందనుకునే స్నేహితుల సంఖ్య పరతంత్ర చరం. పరికల్పన తప్పని తేలే అవకాశం ఉండేలా రాయాలి. "పనివేళలు స్నేహాలపై ఏదో ఒక ప్రభావం చూపుతాయి" అని రాస్తే ఏ ఫలితం వచ్చినా అది నిజమే అవుతుంది కనుక, అలాంటి వాక్యాన్ని పరీక్షించడానికి ఏమీ మిగలదు.

అసలు చిక్కు కొలమానం దగ్గర మొదలవుతుంది. స్నేహాన్ని ఎలా కొలుస్తారు? ఫోనులో దాచుకున్న నంబర్ల సంఖ్యనా, గడచిన వారంలో కనీసం పావుగంట ఎదురెదురుగా కూర్చుని మాట్లాడిన వారి సంఖ్యనా, కష్టమొస్తే అర్ధరాత్రి పిలవగలిగిన వారి సంఖ్యనా? మొదటిదాన్ని నేడు లెక్కపెట్టినా రేపు లెక్కపెట్టినా ఒకే అంకె వస్తుంది. అంటే దానికి విశ్వసనీయత ఉంది. కానీ అది స్నేహాన్ని కొలవడం లేదు కనుక సప్రమాణత లేదు. మూడోది స్నేహానికి చాలా దగ్గరిదే అయినా, అడిగిన రోజు మనసు ఎలా ఉందన్నదాన్నిబట్టి జవాబు మారవచ్చు. రెండు గుణాలూ సమపాళ్లలో ఉన్న కొలమానం అరుదు కాబట్టి, ఏదో ఒకటి ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో నివేదికలో చెప్పడమే నిజాయితీ అయిన దారి.

ఎవరిని అడగాలి?

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. నమూనా సర్వే వెనుక ఉన్న ఆలోచన ఇదే, కానీ సమాజం ఆ గిన్నెలాగా అంతటా ఒకేలా ఉడకదు. అందుకే మెతుకును ఎక్కడ నుంచి తీశామన్నది ఎన్ని మెతుకులు తీశామన్నదాని కంటే ముఖ్యం.

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి పోస్టు ద్వారా నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటి ఆధారంగా ఆల్‌ఫ్రెడ్ లాండన్ గెలుస్తారని ప్రకటించింది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నారు. టెలిఫోను డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్లు వంటి జాబితాల నుంచి చిరునామాలు తీసుకోవడంతో, మహామాంద్యం రోజుల్లో ఫోనూ కారూ లేని పేదవారు చాలావరకు లెక్కలోకే రాలేదు. దానికి తోడు, పనిగట్టుకుని బ్యాలెట్ తిరిగి పంపినవారు పంపనివారికంటే భిన్నమైన అభిప్రాయం కలవారు. దానితో పోలిస్తే చాలా చిన్న నమూనాతో జార్జ్ గాలప్ గెలిచేదెవరో సరిగ్గా చెప్పగలిగారు.

కనుక మొదట మీ అధ్యయన జనాభా ఎవరో ఒక్క వాక్యంలో రాయాలి. తర్వాత ఆ జనాభాకు సరిపడే జాబితా సంపాదించాలి. ఆ జాబితా నుంచి లాటరీ ద్వారానో, కంప్యూటర్ ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యల ద్వారానో పేర్లు తీయాలి. చిన్న వర్గాలు జారిపోతాయన్న అనుమానం ఉంటే, జాబితాను ముందే స్త్రీలు, పురుషులు అనో, వయసులవారీగానో విభాగాలు చేసి ఒక్కో విభాగం నుంచి విడిగా తీయవచ్చు; దీన్ని స్తరీకృత నమూనా అంటారు. సంఖ్య విషయానికి వస్తే, యాదృచ్ఛిక నమూనాలో 400 మంది ఉంటే 95 శాతం విశ్వాస స్థాయిలో (అంటే ఇలాంటి వంద నమూనాలు తీస్తే సుమారు 95 సార్లు) అంచనా సుమారు 5 శాతం పాయింట్లు అటూఇటూ కావచ్చు. 1,600 మంది ఉంటే ఆ తేడా సుమారు 2.5కి తగ్గుతుంది. అంటే పొరపాటును సగానికి తగ్గించాలంటే నమూనాను నాలుగింతలు చేయాలి. జనాభా లక్ష అయినా కోటి అయినా ఈ లెక్క పెద్దగా మారదు, మొదటిసారి విన్నవారెవరూ దీన్ని అంత సులభంగా నమ్మరు గానీ.

జాబితా దొరకనప్పుడు, ఒకరి ద్వారా మరొకరిని చేరుకునే గొలుసు పద్ధతి వాడవచ్చు. రాత్రి షిఫ్టువారి జాబితాను ఏ యాజమాన్యమూ సులువుగా ఇవ్వదు కనుక మన ఉదాహరణకు ఇదే గతి కావచ్చు. అది తప్పేమీ కాదు. అలా సేకరించిన వాటి నుంచి "రాత్రి షిఫ్టు ఉద్యోగుల్లో ఇంత శాతం" అని రాయడం మాత్రం తప్పు.

ప్రశ్నావళి

నా అభిప్రాయంలో తొలి ప్రాజెక్టుకు ప్రశ్నావళి అన్నిటికన్నా కష్టమైన పద్ధతి. ఇంటర్వ్యూలో ప్రశ్న సరిగ్గా లేదని మూడో మనిషి దగ్గర తెలిస్తే నాలుగో మనిషి దగ్గర దిద్దుకోవచ్చు. ప్రశ్నావళి పంచేశాక దిద్దుకోవడానికి వీలుండదు.

"మీ జీతం, పనివేళలు మీకు తృప్తినిస్తున్నాయా?" అన్నది రెండు ప్రశ్నలను ఒకటిగా కట్టడం, జీతం బాగుండి వేళలు నచ్చనివారు ఏమని గుర్తు పెట్టాలి? "రాత్రిపూట పనిచేయడం ఆరోగ్యానికి హానికరమని వైద్యులు అంటున్నారు, మీరేమంటారు?" అన్నది జవాబును నోటికి అందించడం. "స్నేహితులను తరచుగా కలుస్తారా?" అన్న ప్రశ్నలో తరచుగా అంటే ఒకరికి రోజూ, మరొకరికి నెలకోసారి, "గడచిన ఏడు రోజుల్లో ఎన్నిసార్లు కలిశారు?" అని అడగాలి. వయసుకు 20–30, 30–40 అని గడులిస్తే ముప్ఫై ఏళ్లవారు రెండింటిలోనూ ఉంటారు. మాట ఎంపిక కూడా జవాబును కదిలిస్తుంది: ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా చేసే ప్రసంగాలను "నిషేధించాలా?" అని కొందరినీ, "అనుమతించాలా?" అని మరికొందరినీ అడిగి డొనాల్డ్ రగ్ 1941లో ప్రచురించిన అమెరికన్ సర్వేలో, నిషేధించాలన్నవారి కంటే అనుమతించకూడదన్నవారు సుమారు 20 శాతం పాయింట్లు ఎక్కువగా తేలారు. తర్కం ప్రకారం ఆ రెండూ ఒకటే. చెవికి మాత్రం నిషేధం అన్న మాట కరుకుగా వినిపిస్తుంది.

అంగీకారాన్ని ఐదు మెట్లలో కొలిచే స్కేలును రెన్సిస్ లికర్ట్ 1932లో ప్రవేశపెట్టారు. దాన్ని వాడేటప్పుడు వాక్యాలన్నీ ఒకే వైపు మొగ్గేలా రాయకూడదు, ఎందుకంటే కొందరు చదవకుండానే అన్నింటికీ "అంగీకరిస్తాను" అని గీసుకుంటూ పోతారు. సులభమైన ప్రశ్నలు ముందు, ఆదాయం వంటి సున్నితమైనవి చివర ఉంచాలి. పంచేముందు మీ జనాభాను పోలిన ఎనిమిది, పదిమందితో పైలట్ సర్వే చేసి, ఒక్కో ప్రశ్న విన్నప్పుడు ఏమి అర్థమైందో వారినే చెప్పమనాలి. ఈ ఒక్క మెట్టును దాటవేసిన ప్రశ్నావళి బాగుందంటే అది కేవలం అదృష్టం.

వినడం, చూడటం

ఇంటర్వ్యూకు ముప్ఫై ప్రశ్నల జాబితాతో వెళ్లవద్దు. ఐదారు విషయాలు రాసుకుని వెళ్తే చాలు. "మీరెందుకు స్నేహితులను కలవడం మానేశారు?" అని అడిగితే ఎదుటివారు తమను తాము సమర్థించుకునే పనిలో పడతారు. "నిన్న షిఫ్టు ముగిశాక ఏం చేశారో మొదటినుంచి చెప్పండి" అంటే కథ చెబుతారు, కారణం ఆ కథలోనే బయటపడుతుంది. ఎందుకు అనడం కంటే ఎలా అని అడగడం మేలన్నది హోవార్డ్ బెకర్ వంటి అనుభవజ్ఞులైన క్షేత్ర పరిశోధకులు ఇచ్చిన సలహా. జవాబు ముగిసిందనిపించాక మరో నాలుగైదు సెకన్లు మౌనంగా ఉండటం నేర్చుకోవాలి; అసలు మాట చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది. రికార్డు చేయాలంటే ముందుగా అనుమతి అడగాలి. గంట సంభాషణను అక్షరం పొల్లుపోకుండా రాయడానికి నాలుగు గంటలైనా పడుతుందని గుర్తుంచుకుని ఎంతమందిని కలవాలో నిర్ణయించుకోవాలి.

మాటల్లో దొరకనిదాన్ని చూడటానికి పరిశీలన ఉంది. ఆ సమూహంలో ఒకరిగా మెలగుతూ గమనిస్తే సహభాగి పరిశీలన, బయటి వ్యక్తిగానే ఉండి గమనిస్తే సహభాగేతర పరిశీలన. బోస్టన్‌లోని ఒక ఇటాలియన్ వలస బస్తీలో కొన్నేళ్లు గడిపి 1943లో పుస్తకం ప్రచురించిన విలియం ఫూట్ వైట్‌కు, అక్కడి ముఖ్య సమాచారదాత ఒక పాఠం చెప్పాడు: అదేపనిగా ప్రశ్నలు వేయడం ఆపు, అందరితో పాటు ఉండు, జవాబులు వాటంతటవే తెలుస్తాయి. అలా కూర్చుని విన్నాకే, తనకు అడగాలని కూడా తోచని ప్రశ్నలకు సమాధానాలు దొరికాయని వైట్ తర్వాత రాశారు.

పరిశీలన విలువంతా నోట్సులో ఉంటుంది. అక్కడికక్కడ నాలుగు మాటలు గీసుకుని, అదే రోజు నిద్రపోయేలోగా పూర్తిగా రాయాలి. చూసినదాన్నీ, దానిపై మీ ఊహనూ వేర్వేరుగా రాయాలి: "అతను విసుక్కున్నాడు" అన్నది వ్యాఖ్య, "మూడుసార్లు గడియారం చూశాడు, జవాబివ్వకుండా లేచాడు" అన్నది పరిశీలన. రాసినదానికి మరో ప్రతిని వేరేచోట దాచాలి. ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతపు రాంపురలో చేసిన క్షేత్ర అధ్యయనపు నోట్సును ఏళ్ల తరబడి క్రమపరచి మూడు ప్రతులు చేయించుకున్నారు. 1970 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్‌లోని ఆయన పనిగదికి దుండగులు నిప్పుపెట్టినప్పుడు ఆ మూడూ అక్కడే ఉన్నాయి. ప్రధానంగా జ్ఞాపకం మీద ఆధారపడి ఆయన ఆ ఊరి గురించి రాసిన పుస్తకం 1976లో వెలువడి ప్రసిద్ధమైంది నిజమే, కానీ అంతటి జ్ఞాపకశక్తి మనకుంటుందని ధీమాగా ఉండలేం.

ప్రయోగాలు, రికార్డులు

పరిశోధకుడు ఒక అంశాన్ని తానే మార్చి, మిగతావన్నీ సమానంగా ఉంచి ఫలితం చూడటం ప్రయోగం. కారణమేదో తేల్చడంలో దీనికి సాటి లేదు గానీ సమాజంలో దీనికి చోటు తక్కువ. మనుషులకు తమను గమనిస్తున్నారని తెలిస్తే ప్రవర్తన మారుతుంది. షికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 వరకు జరిగిన అధ్యయనాల పేరుతోనే ఈ సమస్యను పిలుస్తారు, అక్కడి ఫలితాలకు అదే సరైన వివరణా అన్నదానిపై నేటికీ వాదోపవాదాలు ఉన్నప్పటికీ. నిజజీవితంలోనే చేసే క్షేత్ర ప్రయోగం ఈ చిక్కును కొంత తప్పిస్తుంది. డేవా పేజర్ మిల్వాకీ నగరంలో, నేర చరిత్ర విషయంలో తప్ప మిగతా అర్హతల్లో సమానంగా కనిపించే యువకులను నిజమైన ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తు చేయించి 2003లో ఫలితాలు ప్రచురించారు. నేర చరిత్ర ఉందని చెప్పిన తెల్లజాతి అభ్యర్థుల్లో 17 శాతానికి పిలుపు రాగా, ఏ నేర చరిత్రా లేని నల్లజాతి అభ్యర్థుల్లో 14 శాతానికే వచ్చింది. యజమానులను ప్రశ్నావళితో అడిగి ఉంటే ఈ అంకెలు వచ్చేవా అన్నది మీరే ఆలోచించండి.

ఇప్పటికే ఉన్న దత్తాంశాన్ని వాడుకోవడం ఖర్చు తక్కువైన దారి. ఎమిల్ దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యలపై చేసిన అధ్యయనం అధికారిక గణాంకాలపైనే నిలబడింది. అయితే ఒక మరణాన్ని ఆత్మహత్యగా నమోదు చేయాలా వద్దా అన్నది ఒక అధికారి నిర్ణయమనీ, ఆ నిర్ణయంపై కుటుంబాల ఒత్తిడీ స్థానిక నమ్మకాలూ పనిచేస్తాయనీ జాక్ డగ్లస్ 1967లో విమర్శించారు. కనుక ఏ గణాంకమైనా వాడేముందు దాన్ని ఎవరు, ఏ నిర్వచనంతో, ఏ అవసరానికి నమోదు చేశారో కనుక్కోవాలి.

సమూహాల అంకెల నుంచి వ్యక్తుల గురించి తీర్మానించడం మరో ఉచ్చు. 1930 అమెరికా జనగణనను పరిశీలించిన విలియం రాబిన్సన్ 1950లో దీన్ని చూపించారు: విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ, కానీ వ్యక్తులుగా చూస్తే విదేశాల్లో పుట్టినవారిలోనే నిరక్షరాస్యత కాస్త ఎక్కువ. వలసవచ్చినవారు అక్షరాస్యత ఎక్కువున్న రాష్ట్రాల్లో స్థిరపడటమే ఇందుకు కారణం.

అనుమతి, గోప్యత

1961లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల్లో, ఎదుటి మనిషికి విద్యుత్ షాకులు ఇస్తున్నామని నిజంగా నమ్మినవారు తీవ్రమైన ఆందోళనకు లోనయ్యారు. లాడ్ హంఫ్రీస్ 1970లో ప్రచురించిన అధ్యయనం కోసం, బహిరంగ మరుగుదొడ్లలో రహస్యంగా కలుసుకునే పురుషుల కారు నంబర్ల ద్వారా చిరునామాలు కనుక్కుని, దాదాపు ఏడాది తర్వాత వేరే సర్వే పేరుతో వారి ఇళ్లకు వెళ్లారు. విషయం బయటపడితే వారి ఉద్యోగాలూ కుటుంబాలూ ఏమయ్యేవి? విద్యార్థి ప్రాజెక్టులో ఇంత తీవ్రత ఉండదు గానీ సూత్రం అదే: అధ్యయనం దేనికో చెప్పాలి, ఎప్పుడైనా మానుకోవచ్చని చెప్పాలి, ఆ తర్వాతే అంగీకారం తీసుకోవాలి. పేరు మార్చినంత మాత్రాన గోప్యత దక్కదు. పదిహేనుమంది పనిచేసే విభాగంలో "నలభై ఏళ్లు దాటిన ఏకైక మహిళ" అని రాస్తే ఆమె పేరు రాసినట్టే. అసలు పేర్లకూ మారుపేర్లకూ లంకె చూపే పట్టికను మిగతా కాగితాలతో కలపకుండా, ప్రాజెక్టు ముగిశాక నాశనం చేయాలి.

సేకరించినదాన్ని చదవడం

అంకెలను పట్టికలో పెట్టేటప్పుడు శాతాలు ఏ దిశలో తీయాలన్నది మొదటి ప్రశ్న. ఊహకు ఇలా అనుకుందాం: 120 మంది రాత్రి షిఫ్టువారిలో 60 మందికి, 80 మంది పగటి షిఫ్టువారిలో 20 మందికి స్నేహితులు తగ్గారు. స్వతంత్ర చరం వైపు నుంచి లెక్కిస్తే రాత్రివారిలో 50 శాతం, పగటివారిలో 25 శాతం. దీన్ని తిరగేసి "స్నేహితులు తగ్గినవారిలో 75 శాతం రాత్రివారే" అని రాస్తే తప్పుదోవ పట్టించినట్టవుతుంది, ఎందుకంటే నమూనాలోనే రాత్రివారు ఎక్కువ.

ఈ తేడాకు రాత్రి షిఫ్టే కారణమని అప్పుడే అనరాదు. కొత్తగా చేరినవారికే రాత్రి షిఫ్టు వేసే ఆనవాయితీ ఉండవచ్చు. వారు ఉద్యోగం కోసం ఊరు మారి పాత స్నేహితులకు దూరమై ఉండవచ్చు. ఊరు మారినవారిని, మారనివారిని విడదీసి అదే పట్టిక మళ్లీ వేయాలి. రెండింటిలోనూ తేడా మాయమైతే అసలు కారణం ఊరు మారడమే. లేదా స్నేహితులు తక్కువగా ఉన్నవారే కోరి రాత్రి షిఫ్టు తీసుకుని ఉండవచ్చు. ఒకేసారి చేసిన సర్వేతో ముందు జరిగిందేదో తేలదు, అదే మనుషులను కొంతకాలం తర్వాత మళ్లీ అడగాల్సిందే.

ఇంటర్వ్యూలనైతే రెండు మూడుసార్లు చదివి, పదేపదే వినిపించే విషయాలకు గుర్తులు పెట్టుకుని, ఒకరు చెప్పినదాన్ని మరొకరు చెప్పినదానితో పోల్చుతూ వెళ్లాలి. మీ వివరణకు లొంగని మనిషి ఒకరైనా తప్పక ఉంటారు. వారిని పక్కన పెట్టాలనిపిస్తుంది, కానీ వివరణలో ఏ లోపముందో చూపేది వారే కాబట్టి, వారి దగ్గరికే మళ్లీ వెళ్లి మాట్లాడాలి.

నివేదికలో పద్ధతి గురించి రాసే భాగాన్ని, మరొకరు అదే పని మళ్లీ చేయగలిగేలా రాయాలి. ఎప్పటినుంచి ఎప్పటివరకు సేకరించారు, జాబితా ఎక్కడిది, ప్రశ్నల అసలు పాఠం ఏమిటి, పైలట్ తర్వాత ఏం మార్చారు అన్నవి అందులో ఉండాలి. అన్నిటికంటే ఎక్కువగా మరచిపోయే అంకె ఒకటుంది: ఎంతమందిని అడిగితే ఎంతమంది కాదన్నారు. 60 మంది జవాబిచ్చారని మాత్రమే రాసిన నివేదికకూ, 150 మందిని అడిగితే 60 మంది జవాబిచ్చారనీ, కాదన్నవారిలో ఎక్కువమంది షిఫ్టు ముగించుకుని ఇంటికి పోయే తొందరలో ఉన్నవారేననీ రాసిన నివేదికకూ మధ్య, ఆ మిగిలిన 90 మంది మౌనమంత తేడా ఉంటుంది.